పఠన వృత్తాంత లేఖనం: అంతర్జాల సాధనాలు, ప్రాచ్య విద్య

విద్యాకరుడనే బౌద్ధ పండితుడు క్రీ.శ. 1100 ప్రాంతాన వంగదేశంలోని జగద్దల విహారంలో తనకు లభించిన గ్రంథాలను చదువుతూ, మేలనిపించిన శ్లోకాలను ఏరి, విషయక్రమంలో అమర్చి, తెలిసినంతవరకు కవుల పేర్లతో సహా ఒక కోశంగా కూర్చినాడని పండితులు భావిస్తున్నారు. సుభాషితరత్నకోశమనే ఆ సంకలనం డి.డి.కోశాంబి, వి.వి.గోఖలే పండితుల పరిష్కరణతో 1957లో హార్వర్డు ప్రాచ్య గ్రంథమాలలో ప్రకటితమైనది. అందులో పేర్కొనబడిన కవులలో పలువురి కావ్యాలు నేడు లభ్యం కావు. ఒక పాఠకుడు తాను చదివినదానిని వ్రాసిపెట్టుకొన్నందువలననే వారి పేర్లయినా మిగిలినవి. శ్రీధరదాసుని సదుక్తికర్ణామృతం (1205), జల్హణుని సూక్తిముక్తావళి (1258), శార్ఙ్గధరపద్ధతి (1363) ఇట్టి ఉపకారాన్నే చేసినవి. తెలుగులో మడికి సింగన సకలనీతిసమ్మతం, పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరం ఈ కోవలోనివే. 1918లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అనుపలబ్ధ కావ్యాల పద్యాలను ప్రబంధరత్నావళిగా వెలువరించినప్పుడు వారికి ముఖ్యమైన ఆకరాలలో జగ్గన సంకలనం ఒకటి.

ఈ సంకలనకర్తలను సాధారణంగా సాహిత్యచరిత్రకారులు కవుల జాబితాలో ఒక మూలన నిలుపుతారు. వారిని పాఠకులుగా పరిగణించడమే న్యాయం. చదివినది గుర్తుంచుకొనడం, గుర్తుంచుకొన్నదానిని వర్గీకరించడం, వర్గీకరించినదానిని ఇతరులకు అందించడం అనే మూడు పనులూ వారి గ్రంథాలలో ఉన్నవి. నేడు అంతర్జాలంలో పఠన నమోదు కొరకు ఏర్పడిన సాధనాలు చేయించేవి కూడా ఈ మూడు పనులే. ప్రాచ్య విద్యాలోకంలో ఈ సాధనాలను యువజన వినోదమని తీసివేసేవారు కొందరు, విచారించకుండా స్వీకరించేవారు మరికొందరు కనబడుతున్నారు. మొదటివారు జగ్గనను మరచినవారు. రెండవవారు జగ్గన చూపిన జాగ్రత్తను మరచినవారు.

సాధనాల స్వరూపం సంగ్రహంగా ఇది. 2005లో అమెరికాలో టిమ్ స్పాల్డింగ్ ప్రారంభించిన లైబ్రరీథింగ్ ప్రధానంగా సొంత పుస్తకాల సూచికను తయారుచేసుకొనే సాధనం. అది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మొదలైన గ్రంథాలయాల సూచికల నుండి గ్రంథవివరాలను నేరుగా తెచ్చి ఇస్తుంది. 2007లో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన గుడ్‌రీడ్స్‌లో పాఠకునికి చదివినవి, చదువుతున్నవి, చదువదలచినవి అని మూడు అరలు ముందే ఏర్పడి ఉంటాయి. చదివిన తేదీ, అయిదు నక్షత్రాలలో ఎన్ని, నాలుగు మాటల అభిప్రాయం, ఇవన్నీ మిత్రులకు కనబడతాయి. 2019లో నాడియా ఒడునాయో రూపొందించిన స్టోరీగ్రాఫ్ ఇదే దారిలోనిది. పరిశోధకులకు వీటన్నింటికంటె చేరువైనది జొటెరో. 2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయపు చరిత్ర అధ్యయన కేంద్రం విడుదల చేసిన ఈ ఉచిత సాధనంలో గ్రంథవివరాలతో పాటు పుట సంఖ్యలతో కూడిన టిప్పణులను భద్రపరచవచ్చును. నలుగురైదుగురు కలిసి ఒకే సంచయాన్ని పెంచుకొనే ఏర్పాటు కూడా అందులో ఉన్నది.

ఇక చిక్కులు. వాటిలో పెద్దది, ప్రాచ్య విద్యార్థులకు ప్రత్యేకమైనది, గ్రంథాన్ని గుర్తించడంలోనే ఉన్నది. ఈ సాధనాలు అత్యధికంగా ఆధారపడే ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య 1970లో అంతర్జాతీయ ప్రమాణమైనది. 2007 నుండి అది పదమూడు అంకెలు కలది. తెలుగు, సంస్కృత పండితులు నిత్యం చేతబట్టే పుస్తకాలలో పెక్కు అంతకు పూర్వపువి. వావిళ్లవారి ప్రతికిగాని, నిర్ణయసాగర ముద్రణాలయపు పాత ప్రతికిగాని ఆ సంఖ్య ఎక్కడిది? కొన్ని పాత పుస్తకాల ముఖపత్రాల మీద ఆంగ్ల సంవత్సరం సైతం ఉండదు, ప్రభవాది నామం మాత్రమే ఉంటుంది. అరవై యేళ్లకొకసారి తిరిగివచ్చే పేరును చూచి ముద్రణకాలాన్ని నిర్ణయించడానికి పీఠికలు, ముద్రాపకుని చిరునామా, కాగితం, అక్షరాల అచ్చు పరిశీలించాలి. ఈ పనిని యంత్రానికి వదలివేస్తే ఫలితం ఏమో చెప్పనక్కరలేదు.

పేర్ల సంగతి మరీ విచిత్రం. పాశ్చాత్య నామక్రమంలో చివరి పదం వంశనామం. తెలుగులో ఇంటిపేరు మొదట వస్తుంది. రెండు గడులలో పేరు నింపమని అడిగే సాధనానికి విశ్వనాథ సత్యనారాయణగారు 'సత్యనారాయణ' వంశంవారవుతారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ముగ్గురినీ 'శాస్త్రి' అనే ఒకే కొట్టులో కుక్కితే, భారత భాగవత రామాయణాలను ఒంటిచేతితో తెనిగించిన కవి, కథారచయిత, ప్రాచీన వాఙ్మయ పరిశోధకుడు ఒకే ఇంటివారుగా తేలుతారు. ఆ ముగ్గురిలో ఇద్దరికి ఇంటిపేరు నిజంగానే ఒకటి కావడం మరొక తికమక. జొటెరోలో పేరును ఒకే గడిలో వ్రాసే వెసులుబాటు కలదు. ఇంత చిన్న మీటను తెలియక ఎన్ని సిద్ధాంత వ్యాసాల ఉపయుక్త గ్రంథసూచికలు తలక్రిందులై వెలువడుతున్నాయో పర్యవేక్షకులకు తెలియనిది కాదు.

లిపి సమస్య దీనికి తోడు. తెలుగు లిపి యూనికోడ్ ప్రమాణంలో 1991లో వెలువడిన మొదటి సంచిక నుండీ ఉన్నది. అయినా వేయిపడగలు నవలను ఒకరు ఆంగ్ల లిపిలో ఒక పదంగా, మరొకరు రెండు పదాలుగా, వేరొకరు తెలుగు లిపిలో నమోదు చేస్తే అది మూడు పుస్తకాలుగా పరిగణింపబడే అవకాశం ఉన్నది. పి.వి.నరసింహారావుగారి హిందీ అనువాదం సహస్రఫణ్ వీటిలో దేనికి అనుబంధమో యంత్రం నిర్ణయించలేదు. గ్రంథాలయ సంస్థల అంతర్జాతీయ సమాఖ్య 1998లో ప్రకటించిన నివేదిక కృతి వేరు, దాని అభివ్యక్తి వేరు, ముద్రణ వేరు, చేతిలోని ప్రతి వేరు అని విభజించినది. అనువాదం మూలకృతికే మరొక అభివ్యక్తి అని ఆ నివేదిక మతం. భాషాశాస్త్ర వాసన కలవారికి ఈ విభాగం కొత్త కాదు. మూలపాఠం, పాఠాంతరం, పరిష్కరణ, మాతృక అనే మాటలతో దీనిని వారు నిత్యం వ్యవహరిస్తూనే ఉన్నారు. పఠన నమోదు సాధనాలు మాత్రం ఒక్క కృతికి ఉన్న ముద్రణలన్నింటి మీది అభిప్రాయాలను ఒకేచోట కుప్పపోస్తాయి. నవలకు అది చెల్లుతుంది. రఘువంశానికి చెల్లదు. మల్లినాథుని సంజీవనితో చదివినవానికీ, మూలం మాత్రం చదివినవానికీ, ఆంగ్లానువాదంతో సరిపెట్టుకొన్నవానికీ కలిగిన అనుభవాలు ఒక్కటి కావు. 'రఘువంశం చదివితిని' అని గుర్తు పెట్టడం వలన తరువాతివానికి తెలిసేది ఏమీ లేదు.

ఆంధ్ర మహాభాగవతాన్నే తీసుకొంటే, కర్త అనే గడిలో బమ్మెర పోతన ఒక్కడే కనబడతాడు. పంచమ స్కంధం గంగనార్యునిది, షష్ఠం ఏర్చూరి సింగనది, ఏకాదశ ద్వాదశాలు వెలిగందల నారయవి అన్న సంగతి ఆ గడికి పట్టదు. షష్ఠ స్కంధంలోని పద్యాన్ని మెచ్చి పోతన ఖాతాలో నక్షత్రం వేసిన పాఠకుని తప్పు కాదది. కాని ఆ తప్పును దిద్దవలసినవారు ఎవరు? ఓపెన్ లైబ్రరీ వంటి బహిరంగ సూచికలలో ఎవరైనా వివరాలను సవరించవచ్చును. గుడ్‌రీడ్స్‌లోనూ స్వచ్ఛందంగా గ్రంథపాలకత్వం వహించే సభ్యులు ఉన్నారు. తెలుగు సంస్కృత గ్రంథాల వివరాలను సాధికారంగా చెప్పగల వారు ప్రాచ్య కళాశాలలలో ఉండగా, ఆ పని పుస్తకాభిమానంతో తీరిక వేళల్లో పూనుకొన్న ఇతర వృత్తులవారి మీద పడుతున్నది. వారి శ్రమకు కృతజ్ఞత చెప్పవలసినదే. పండితుల మౌనానికి మాత్రం సమర్థన దొరకదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట స్కాను చేయబడి, నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్న వేలాది తెలుగు పుస్తకాల స్థితి దీనికి నిదర్శనం. వాటి శీర్షికలు ఆంగ్ల లిపిలో దీర్ఘాలు జారి, ఒత్తులు ఎగిరిపోయి, గుర్తుపట్టరానివైనవి. పుస్తకం ఉన్నది, వెదకితే దొరకదు. దానిని ఎట్లో కనిపెట్టి చదివిన ప్రతి పాఠకుడూ అసలు పేరును, కర్తను, ముద్రణ సంవత్సరాన్ని తెలుగు లిపిలో ఒకచోట నమోదు చేసి, ఆ ప్రతి చిరునామాను జోడించినట్లయితే తరువాత వచ్చే పరిశోధకునికి నెలల శ్రమ తప్పేది. పఠన వృత్తాంతం ఇక్కడ వ్యక్తిగత జ్ఞాపిక స్థాయిని దాటి సూచికగా పరిణమిస్తుంది. అవుఫ్రెక్టు 1891 నుండి 1903 వరకు మూడు భాగాలుగా ప్రకటించిన సంస్కృత గ్రంథ కర్తృ సూచిక గాని, 1949లో మొదటి సంపుటంతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆరంభించిన నూతన బృహత్సూచిక గాని నిలిచినది ఇట్టి చిల్లర వివరాల మీదనే.

నక్షత్రాల విషయంలో రాజశేఖరుడు కావ్యమీమాంసలో చేసిన భావక విభాగం చక్కగా పనికివస్తుంది. భావకులు అరోచకులు, సతృణాభ్యవహారులు అని రెండు తెగలని మంగళుని మతం. రాజశేఖరుడు దానికి మత్సరులను, తత్త్వాభినివేశులను చేర్చి నాలుగు చేసినాడు. దేనినీ మెచ్చనివాడు ఒకడు, గడ్డితో సహా మింగేవాడు ఒకడు, అసూయతో చూచేవాడు ఒకడు, తత్త్వం గ్రహించేవాడు ఒకడు. మొదటివాడు ఒక నక్షత్రం వేస్తాడు. రెండవవాడు అయిదు వేస్తాడు. మూడవవాడు చదవకుండానే వేస్తాడు. ఇది హాస్యానికి చెప్పిన మాట కాదు. 2023 జూన్‌లో అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ నూతన నవల రష్యా నేపథ్యంలో ఉన్నదన్న వార్త వెలువడగానే, పుస్తకం ఇంకా అచ్చు కాకమునుపే గుడ్‌రీడ్స్‌లో వందలకొలది ఒక నక్షత్రపు తీర్పులు వచ్చిపడినవి. ఆమె ప్రకటనను వాయిదా వేసుకొన్నారు. ఈ నలుగురు భావకుల తీర్పులను కూడి భాగించగా వచ్చిన దశాంశ సంఖ్యకు అలంకారశాస్త్రంలో స్థానం లేదు. తత్త్వాభినివేశి వ్రాసిన పది వాక్యాలను వెదకి చదవడానికి ఆ సంఖ్య ఒక అడ్డంకి మాత్రమే. కనుక ప్రాచ్య విద్యార్థి ఈ సాధనాన్ని వాడేటప్పుడు నక్షత్రాల గడిని ఖాళీగా వదలడం ఉత్తమం. అది తప్పనిసరి గడి ఏమీ కాదు.

ఏడాదికి ఇన్ని పుస్తకాలని సంకల్పం చెప్పుకొని లెక్క చూచుకొనే సవాలు పద్ధతి కూడా ఈ సాధనాలలో ప్రచారంలో ఉన్నది. సిద్ధాంతకౌముదిని గురుముఖతః చదివే విద్యార్థికి ఆ లెక్కలో ఎన్ని సంవత్సరాలు సున్నా వస్తుందో ఊహించవచ్చును! శ్రవణం, మననం, ధారణ, ఆవృత్తి అనే భేదాలు గల విద్యాసంప్రదాయానికి 'చదివినది' అన్న ఒక్క అర చాలదు. అట్లని సాధనాన్ని నిందించి ప్రయోజనం లేదు. సొంత అరలను ఏర్పరచుకొనే వీలు వాటిలో ఉన్నది. పాఠం చెప్పించుకొన్నది, స్వయంగా చూచినది, సంప్రదించినది, పాఠాంతరాలు సరిచూచినది అని నాలుగు అరలు కల్పించుకొంటే లెక్క సత్యానికి దగ్గరవుతుంది. సంప్రదించినదానిని చదివినట్లుగా ఉపయుక్త గ్రంథసూచికలో చేర్చే దురలవాటుకు ఇది కొంత విరుగుడు కూడా.

మరొక చిక్కు యాజమాన్యానికి సంబంధించినది. 2006లో వెలసిన షెల్ఫారి అనే సాధనాన్ని 2008లో అమెజాన్ సంస్థ కొన్నది. 2016లో దానిని మూసి గుడ్‌రీడ్స్‌లో కలిపివేసినది. గుడ్‌రీడ్స్ కూడా 2013లో ఆ సంస్థకే చేరినది. బయటి కార్యక్రమాలు దాని సమాచారాన్ని అందుకొనడానికి కావలసిన అనుమతులను క్రొత్తగా ఇవ్వడం 2020 చివర నిలిపివేసినది. 2004లో పుట్టి పరిశోధకులు ఆదరించిన సైట్‌యులైక్ 2019లో మూతపడినది. పరుల ఇంట దాచిన తాళపత్రాల కట్టకు ఆ ఇంటివారు ఉన్నంతవరకే భద్రత. గుడ్‌రీడ్స్, లైబ్రరీథింగ్, స్టోరీగ్రాఫ్, జొటెరో నాలుగింటిలోనూ తమ నమోదులన్నింటినీ ఒక దస్త్రంగా దింపుకొనే సదుపాయం కలదు. పూర్వం ప్రతి ఏటా తాళపత్రాలకు పసుపు, నూనె పట్టించినట్లు, ఏటా ఒకసారైనా ఆ దస్త్రాన్ని దింపి రెండు చోట్ల ఉంచుకొనడం కనీస విధి. అది చేయనివారు పదేళ్ల టిప్పణులను పోగొట్టుకొని సాధనాన్ని తిట్టడం వృథా.

పఠనాన్ని అందరికీ చూపడం ఎంతవరకు తగునన్నది కూడా ఆలోచింపదగినది. పాత గ్రంథాలయాలలో అమలైన బ్రౌన్ పద్ధతిలో పుస్తకపు చీటీని పాఠకుని సంచితో కలిపి ఉంచి, పుస్తకం తిరిగిరాగానే విడదీసేవారు. ఎవరు ఏ పుస్తకం చదివినారన్న ఆచూకీ ఆపై మిగిలేది కాదు. ఆ పద్ధతి ఈ ఉద్దేశంతోనే పుట్టినదని కాదు గాని, దాని వలన పాఠకునికి ఒక ఏకాంతం దక్కినది. పరిశోధక విద్యార్థి తన విషయానికి సంబంధించిన పఠనక్రమాన్ని సిద్ధాంత సమర్పణకు ముందే లోకానికి వెల్లడిచేయడం అవివేకమే కావచ్చును. ఒక మతగ్రంథాన్ని గాని, వివాదాస్పద రచనను గాని చదివినంత మాత్రాన ముద్ర వేసే లోకంలో ఆ అరను ఇతరులకు కనబడకుండా ఉంచుకొనే హక్కు పాఠకునిది. కొన్నింటిని దాచడం, కొన్నింటిని పంచడం రెండూ జొటెరోలో సులభం. గుడ్‌రీడ్స్‌లో మొదటి అమరిక బహిరంగానికే మొగ్గుతుంది కనుక చేరిన నాడే దానిని సరిచూచుకొనాలి.

ఇన్ని చిక్కులుండగా ఈ సాధనాలతో పనియేమి అన్న ప్రశ్నకు సమాధానం అంతర్జాలంలో లేదు, పదవీవిరమణ చేసిన పండితుల ఇళ్లలో ఉన్నది. ముప్పై యేళ్లు అలంకారశాస్త్రం చెప్పిన అధ్యాపకుని రసగంగాధర ప్రతిని తెరచి చూస్తే, అంచుల నిండా పెన్సిలు గుర్తులు, ఫలానా లక్షణానికి ఫలానా ప్రబంధంలోని ఉదాహరణ, ఫలానా ముద్రణలో ఇక్కడ పాఠం తప్పు అన్న సూచనలు ఉంటాయి. ఆయన తరువాత ఆ పుస్తకాలు కళాశాల గ్రంథాలయానికి చేరితే, నమోదు పుస్తకంలో పేరు, వెల, తేదీ ఎక్కుతాయి. అంచులలోనిది ఎక్కదు. చేరకపోతే పాతకాగితాల వర్తకుని తక్కెడ ఎక్కుతాయి. అచ్చు కాని ఆ పాండిత్యం ఒక తరంలో మాసిపోతున్నది.

థామస్ జెఫర్సన్ 1815లో 6,487 సంపుటాలను అమెరికా కాంగ్రెసుకు విక్రయించినాడు. 1851లో జరిగిన అగ్నిప్రమాదంలో వాటిలో సుమారు మూడింట రెండు వంతులు దగ్ధమైనవి. సూచిక మిగిలినది. లైబ్రరీథింగ్ సభ్యులు దానిని ఆధారం చేసుకొని ఆయన గ్రంథసంచయాన్ని తిరిగి అక్షరరూపంలో నిలిపినారు. గతించిన ఇతర ప్రముఖుల పుస్తకాలను కూడా అట్లే నమోదు చేసే పనిని అక్కడ స్వచ్ఛందంగా సాగించినారు. తెలుగునాట ఒక్కొక్క ప్రాచ్య కళాశాల తన పూర్వాధ్యాపకులలో ఒక్కరి గ్రంథాలనైనా ఈ విధంగా ఎక్కించడానికి పెద్ద ధనం అక్కరలేదు. ఆయన కుటుంబ సభ్యుల అనుమతి, ఒక కంప్యూటరు, ఓపిక గల ఇద్దరు విద్యార్థులు, పాత అచ్చులను గుర్తించగల ఒక అధ్యాపకుడు చాలును.

పని క్రమం కూడా కఠినమైనది కాదు. జొటెరోలో కళాశాల పేరిట ఒక ఉమ్మడి సంచయం తెరవాలి. ప్రతి పుస్తకానికి శీర్షిక తెలుగులో గాని దేవనాగరిలో గాని ఉండాలి, దానితో పాటు ఆంగ్ల లిపిలో ఒకే పద్ధతిలో వ్రాసిన రూపం అదనపు వివరాల గడిలో ఉండాలి. మూలకర్త, వ్యాఖ్యాత, పరిష్కర్త వేరువేరుగా, ఇంటిపేరు విడగొట్టకుండా ఒకే గడిలో వ్రాయాలి. ముద్రణాలయం, ఊరు, కూర్పు సంఖ్య, ముఖపత్రం మీది సంవత్సర నామం, నిర్ణయించిన ఆంగ్ల సంవత్సరం రెండూ చూపాలి. అంచులలోని ప్రతి టిప్పణిని పుట సంఖ్యతో, అది ఎవరి వ్రాతయో తెలుపుతూ ఎక్కించాలి. చదివేవాని సొంత అభిప్రాయం దానిలో కలవకూడదు. జగ్గన శ్లాఘనీయుడైనది పద్యంతో పాటు కవిని, కావ్యాన్ని కూడా పేర్కొన్నందువలననే. సవరించిన శీర్షికలు, కర్తల వివరాలను ఓపెన్ లైబ్రరీలోనూ ఎక్కిస్తే వాటిని ఎవరైనా ఉచితంగా వాడుకొనవచ్చును.

దీనిని పరిశోధనగా లెక్కించాలా అన్న సందేహం పర్యవేక్షకులకు కలుగవచ్చును. అముద్రిత ప్రతుల వివరణాత్మక సూచికలను పరిశోధనగా అంగీకరించిన విద్యాలోకం, ముద్రిత ప్రతుల మీది అముద్రిత పాండిత్యాన్ని కాదనడానికి కారణం కనబడదు. ప్రస్తుతం పిహెచ్.డి. పట్టానికి చేరే విద్యార్థి మొదటి ఆరు నెలలూ పూర్వపరిశోధనల పట్టిక తయారుచేయడంలో గడుపుతున్నాడు. అదే పట్టికను అంతకుముందు చేరినవాడు కూడా చేసి, తన నోటుపుస్తకంతో వెళ్లిపోయినాడు. ఆ నోటుపుస్తకం ఉమ్మడి సంచయంలో ఉండి ఉంటే రెండవవాడు దానిని పరీక్షించి, దిద్ది, ముందుకు సాగేవాడు. రాబోయే విద్యాసంవత్సరంలో చేరే పరిశోధకుల నుండి సిద్ధాంత వ్యాసంతో పాటు ఈ టిప్పణుల దస్త్రాన్ని కూడా గ్రంథాలయానికి సమర్పింపజేయడం, సమర్పణకు ముందు దానిని చూపాలని నిర్బంధించకపోవడం ఒక్కొక్క విభాగం తనంతట తీసుకొనగల నిర్ణయమే.